చాట్ స్క్రిప్టు పలకనప్పుడు: ఐఆర్‌సీ క్లయింట్లలో దోషాన్వేషణ

సంభాషణ సర్వరుకు వాడుకరిని కలిపే ప్రోగ్రామును చాట్ క్లయింటు అంటారు. ఆ క్లయింటు తనంత తాను చేయని పనిని దానిచేత చేయించడానికి వాడుకరి రాసుకున్న, లేదా మరొకరు రాయగా తెచ్చిపెట్టుకున్న చిన్న కోడును స్క్రిప్టు అంటారు. చానెల్లోకి కొత్తవారు రాగానే పలకరించేవి, ఫలానా మాట వినపడితే గంట మోగించేవి, విసిగించే సందేశాలను తెరమీదికి రానివ్వనివి, ఇలా స్క్రిప్టులు చేసే పనులు ఎన్నో రకాలుగా ఉన్నా, అవి చెడినప్పుడు వినిపించే ఫిర్యాదు మాత్రం దాదాపు ఒక్కటే: నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ పలకడం లేదు. ఈ ఫిర్యాదు వెనుక ఉండే కారణాలు ఎక్కడ దాగుతాయో, వాటిని వెతకడానికి ఏ పద్ధతులు పనికొస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు ఇంటర్నెట్ రిలే చాట్, అంటే ఐఆర్‌సీ, తగిన క్షేత్రం. 1988 ఆగస్టులో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ దీనిని రూపొందించాడు. 1993 మేలో అతడూ డారెన్ రీడ్ కలిసి దాని నియమావళిని ఆర్‌ఎఫ్‌సీ 1459 అనే పత్రంగా వెలువరించారు. అప్పటి నుంచి ఆ నియమావళి మూలరూపం పెద్దగా మారకపోగా, దాని మీద పనిచేసే క్లయింట్లు ఒక్కొక్కటి ఒక్కో స్క్రిప్టు సంప్రదాయాన్ని పెంచుకున్నాయి. ఖాలిద్ మర్దమ్‌బే 1995లో విడుదల చేసిన ఎంఐఆర్‌సీ తనకంటూ ఒక సొంత భాషనే ఏర్పరచుకుంది. టిమో సిరాయినెన్ 1999లో మొదలుపెట్టిన ఇర్సి పెర్ల్ భాషను ఆశ్రయించింది. సెబాస్టియన్ హెల్యూ 2003లో ఆరంభించిన వీచాట్ పైథాన్, పెర్ల్, రూబీ, లువా, టీసీఎల్ వంటి పలు భాషలకు ఒకే తరహా ద్వారాలు తెరిచింది. ఎక్స్‌చాట్ వారసురాలైన హెక్స్‌చాట్ పైథాన్, పెర్ల్, లువాలను అనుమతించింది. ఒకే నియమావళి మీద ఇన్ని సంప్రదాయాలు నడిచినందువల్ల దోషం నియమావళిదా, క్లయింటుదా, భాషదా, స్క్రిప్టు రాసినవారిదా అని వేరుచేసి చూడటం ఇక్కడ సాధ్యమవుతుంది. సర్వరుకూ క్లయింటుకూ మధ్య ఏం నడుస్తోందో వాడుకరి కంటికి ఆననీయని నేటి వాణిజ్య సేవల్లో ఈ విశ్లేషణకు అంత వీలు లేదు. స్లాక్ సంస్థ 2018 మే 15న తన ఐఆర్‌సీ ద్వారాన్ని మూసివేసినప్పుడు ఆ సేవ వాడుకరులు పోగొట్టుకున్నవాటిలో ఈ పారదర్శకత కూడా ఒకటి.

ఐఆర్‌సీలో సర్వరు నుంచి వచ్చేదంతా అక్షరాల పంక్తులే. మామూలు సందేశపు పంక్తిలో పంపినవారి మారుపేరు, వారి యూజరు పేరు, వారి హోస్టు చిరునామా, ఆ తరువాత ఒక ఆజ్ఞ, ఆ ఆజ్ఞ ఎవరికి ఉద్దేశించినదో ఆ గమ్యం, చివర అసలు పాఠం ఉంటాయి. క్లయింటు ఈ ముడి పంక్తిని విడదీసి, దానికి ఒక ఈవెంటు పేరు, అంటే ‘చానెల్లో సందేశం వచ్చింది’, ‘ఒకరు చేరారు’ వంటి సంఘటన పేరు పెట్టి, ఆ సంఘటన కోసం కాచుకొని ఉన్న స్క్రిప్టులను వరుసగా పిలిచి, వాటిలో ఏదీ అడ్డుకోకపోతే చివరకు రంగులూ సమయమూ చేర్చి తెరమీద చూపిస్తుంది. కాచుకొని ఉండేందుకు స్క్రిప్టు తగిలించే కొక్కేన్ని హుక్ అనీ, సంఘటన జరిగినప్పుడు క్లయింటు పిలిచే భాగాన్ని కాల్‌బ్యాక్ అనీ అంటారు. ఈ ప్రయాణంలో ముడి పంక్తి ఒక రూపంలో, స్క్రిప్టు చేతికి అందేది మరో రూపంలో, తెరమీద కనిపించేది ఇంకో రూపంలో ఉంటాయి. స్క్రిప్టు రాసేవారు మాత్రం సాధారణంగా మూడోదాన్ని చూసి రాస్తారు. స్క్రిప్టులో తర్కం తప్పడం వల్ల పుట్టే దోషాలకన్నా, ఈ మూడు రూపాల మధ్య తేడాను గమనించకపోవడం వల్ల పుట్టే దోషాలే ఎక్కువ అన్నది ఈ సమీక్ష నిలబెట్టదలచిన వాదం.

అయితే ఆ వాదంలోకి వెళ్లకముందే తేల్చుకోవలసిన ప్రాథమిక విషయం ఒకటుంది: స్క్రిప్టు అసలు క్లయింటులోకి ఎక్కిందా లేదా. ఇర్సిలో స్క్రిప్టులు ఒక నియమిత సంచయంలో, స్వయంచాలకంగా ఎక్కవలసినవైతే దానిలోపలి ఆటోరన్ సంచయంలో ఉండాలి. వీచాట్‌లో స్క్రిప్టు మొట్టమొదట తన పేరు, రచయిత, సంచిక, లైసెన్సు వగైరాలతో నమోదు చేసుకోవాలి, లేకుంటే తరువాతి పిలుపులేవీ చెల్లవు. కొన్నిసార్లు స్క్రిప్టులో ఒక్క అక్షరం మారకపోయినా దాని కింది నేల కదులుతుంది. 2020 జనవరి 1తో పైథాన్ 2కు ఆదరణ ముగిసి, పంపిణీదారులు పైథాన్ 3కు మారినప్పుడు పాత పద్ధతిలో ప్రింట్ వాక్యం రాసుకున్న స్క్రిప్టులన్నీ ఎక్కడం మానేశాయి. ఇర్సిని సర్వరు యంత్రం మీద నెలల తరబడి ఆపకుండా నడిపే అలవాటున్నవారికి ఎదురయ్యే చిక్కు ఇంకా సూక్ష్మమైనది: క్లయింటు నడుస్తుండగానే యంత్రంలోని పెర్ల్ కొత్త సంచికకు మారితే, జ్ఞాపకంలో పాత పెర్ల్, డిస్కు మీద కొత్త పెర్ల్ గ్రంథాలయం ఉండిపోతాయి, అప్పుడు కొత్తగా ఎక్కించబోయిన స్క్రిప్టు సంచికలు పొసగడం లేదన్న సందేశంతో తిరస్కారానికి గురవుతుంది. స్క్రిప్టును తిరగరాయడం వల్ల ఇది తీరదు, క్లయింటును ఒకసారి ఆపి మళ్లీ తెరిస్తే తీరుతుంది.

ఎక్కిన స్క్రిప్టు దిగిపోవడం మరో సంగతి. ఇర్సిలో కాల్‌బ్యాక్ నడుస్తూ పట్టుకోని దోషంతో ఆగిపోతే, క్లయింటు ఆ దోషాన్ని ఒక పంక్తిలో ప్రకటించి స్క్రిప్టునే దించేస్తుంది. ఆ పంక్తి స్థితి కిటికీలో ఎక్కడో పడి పైకి జరిగిపోతే, వాడుకరికి తెలిసేది స్క్రిప్టు రెండు గంటలు చక్కగా పనిచేసి ఉన్నట్టుండి మౌనం వహించిందన్న మాటే. కాబట్టి మౌనం వహించిన స్క్రిప్టు విషయంలో మొదట ఎక్కి ఉన్న స్క్రిప్టుల జాబితాను అడగాలి, తరువాతే కోడును తెరవాలి. వీచాట్ ధోరణి దీనికి భిన్నం. అందులో కాల్‌బ్యాక్‌ను దాని పేరు రాసిన స్ట్రింగు, అంటే అక్షరాల వరుస, రూపంలో ఇస్తారు గనుక, పేరులో అక్షరదోషం దొర్లినా స్క్రిప్టు నిక్షేపంగా ఎక్కుతుంది. ఆ సంఘటన నిజంగా జరిగిన రోజున మాత్రమే ఆ పేరుగల ఫంక్షన్ నడపలేకపోతున్నట్టు ప్రధాన కిటికీలో సందేశం వస్తుంది. అరుదుగా జరిగే సంఘటనకు కట్టిన హుక్‌లో ఇలాంటి తప్పు నెలల తరబడి నిద్రపోతుంది. ఇర్సి కాఠిన్యానికీ వీచాట్ సహనానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే, దోషాన్వేషణ దృష్టితో ఇర్సిదే మేలైన పద్ధతి అనిపిస్తుంది. దించేసిన స్క్రిప్టు కనీసం జాబితాలో లేకుండా పోయి తన పరిస్థితిని చెప్పుకుంటుంది.

ఎంఐఆర్‌సీ సొంత భాష ఒక ప్రత్యేక అధ్యాయం. ప్రోగ్రామింగ్ ఎరుగని వేలమంది తొలిసారి కోడు రాసింది ఆ భాషలోనే. దాన్ని బాగుచేయడం కష్టం కావడానికి కారణం కూడా ఆ సులభత్వమే. ఆ భాష ఖాళీ స్థలాలను బట్టి మాటలను విడదీస్తుంది కాబట్టి, షరతులో పోలిక గుర్తుకు రెండువైపులా ఖాళీ వదలకపోయినా, మీసాల బ్రాకెట్టుకు ముందు ఖాళీ ఇవ్వకపోయినా అర్థం మారిపోతుంది, ఫిర్యాదు మాత్రం రాదు. సందేశంలో వెతకవలసిన మాటకు ముందూ వెనుకా నక్షత్రం గుర్తులు పెట్టకపోతే, ఆ మాట ఒక్కటే సందేశంగా వచ్చినప్పుడు తప్ప స్క్రిప్టు స్పందించదు. అన్నిటికన్నా ఎక్కువ మందిని తికమకపెట్టిన నియమం వేరే ఉంది: ఒకే ఫైల్లో ఒకే రకం సంఘటనకు సరిపోయే నిర్వచనాలు రెండుంటే, వాడుకరి స్థాయిలు సమానమైనప్పుడు, ముందున్నది మాత్రమే నడుస్తుంది. పలకరించే స్క్రిప్టు పనిచేస్తూ ఉండగా దాని కిందనే మరొకరి స్క్రిప్టును అతికించినవారు, రెండోది చెడిందనుకొని దాన్ని అటూ ఇటూ సవరించి అలసిపోతారు. రెండోదాన్ని వేరే ఫైల్లో పెట్టగానే రెండూ నడుస్తాయి. సెట్ ఆజ్ఞతో పుట్టించిన చరరాశి అన్ని స్క్రిప్టులకూ ఉమ్మడి ఆస్తి కావడం, వార్ ఆజ్ఞతో పుట్టినది మాత్రమే స్థానికం కావడం ఈ కోవకే చెందుతుంది; వేరువేరు రచయితల స్క్రిప్టులు రెండు ఒకే పేరుతో లెక్క పెట్టుకుంటుంటే ఒకదాని అంకె మరొకటి చెరిపేస్తూ ఉంటుంది.

ఈ దశలన్నీ దాటిన తరువాత ముడి పంక్తిని చూడవలసిన సమయం వస్తుంది. ప్రధాన క్లయింట్లన్నీ దీనికి వసతి కల్పించాయి: ఎంఐఆర్‌సీలో డీబగ్ ఆజ్ఞతో వేరే కిటికీ తెరవవచ్చు, హెక్స్‌చాట్ కిటికీల పట్టికలో రా లాగ్ ఉంటుంది, వీచాట్ సర్వర్ ఆజ్ఞకు రా అని చేరిస్తే వచ్చిపోయే ప్రతి పంక్తీ కనిపిస్తుంది, ఇర్సిలో రాలాగ్ అన్న ఆజ్ఞ పంక్తులను ఫైల్లోకి దించుతుంది. ఆ కిటికీ తెరవగానే సగం సందేహాలు తీరిపోతాయి, ఎందుకంటే తెర దాచిపెట్టేవన్నీ అక్కడ బయటపడతాయి. ఉదాహరణకు వికీమీడియా సంస్థ తన వికీల్లో జరిగే మార్పులను ఒక ఐఆర్‌సీ సర్వరు ద్వారా ప్రసారం చేస్తుంది, అందులో తెలుగు వికీపీడియాకూ ఒక చానెల్ ఉంది. తెరమీద జంట చదరపు బ్రాకెట్ల మధ్య వ్యాసం పేరు చక్కగా కనిపిస్తుంది. కాని ముడి పంక్తిలో ఆ బ్రాకెట్లకూ పేరుకూ మధ్య, పేరుకూ మూసే బ్రాకెట్లకూ మధ్య రంగు సంకేతాలు, అంటే కంటికి కనిపించని ఒక నియంత్రణాక్షరమూ దాని వెంట రంగు సంఖ్యా ఉంటాయి. తెరను చూసి బ్రాకెట్ల వెంటనే పేరు వస్తుందని రాసిన నమూనా ఎన్నటికీ సరిపోలదు. రంగు సంకేతానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది: రంగు సంఖ్య ఒకటి లేదా రెండు అంకెలతో ఉండవచ్చు గనుక, స్క్రిప్టు ఒక్క అంకెతో రంగు ఇచ్చి, వెంటనే ఒక సంఖ్యను పంపితే ఆ సంఖ్య మొదటి అంకెను క్లయింట్లు రంగులో కలిపేసుకుంటాయి, స్కోరు చెప్పే స్క్రిప్టు 53ను 3గా చూపించడానికి లెక్క తప్పు కారణం కాదు. రంగు సంఖ్యను ఎప్పుడూ రెండంకెల్లో రాయడం దీనికి విరుగుడు.

సందేశం గమ్యం విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. చానెల్ సందేశానికి గమ్యం చానెల్ పేరు. ఆంతరంగిక సందేశానికి గమ్యం దాన్ని అందుకున్నవారి మారుపేరు. వచ్చిన గమ్యానికే జవాబు పంపమని రాసిన స్క్రిప్టు చానెల్లో సవ్యంగా పనిచేసి, ఎవరైనా విడిగా పలకరించినప్పుడు తన జవాబును తనకే పంపుకుంటుంది. తన సొంత సందేశాలకు వేరే సంఘటన ఉండటం కూడా పరీక్షించేవారిని మోసగిస్తుంది: ఎంఐఆర్‌సీలో టెక్స్ట్ సంఘటన ఇతరుల మాటలకే స్పందిస్తుంది, తాను టైపు చేసినదానికి ఇన్‌పుట్ సంఘటన కావాలి, హెక్స్‌చాట్‌లోనైతే సాధారణ సందేశం, తన పేరు ప్రస్తావించిన సందేశం, తాను పంపిన సందేశం మూడూ మూడు వేరువేరు సంఘటనలు. ఒంటరిగా కూర్చొని తన స్క్రిప్టును తానే పరీక్షించుకొనేవారికి అది చచ్చిపడినట్టు కనిపించడానికి ఇదే కారణం. మారుపేర్లను పోల్చడంలో ఉన్న మెలిక మాత్రం చరిత్రలోంచి వచ్చింది. ఐఆర్‌సీ పుట్టిన నార్డిక్ దేశాల ఏడు బిట్ల సంకేతావళిలో చదరపు, మీసాల బ్రాకెట్ల స్థానాల్లో ఆ భాషల అక్షరాలుండేవి; అందుచేత ఆర్‌ఎఫ్‌సీ 1459 మీసాల బ్రాకెట్లను చదరపు బ్రాకెట్లకు చిన్నబడి రూపాలుగా లెక్కించింది. ఆ నియమం పాటించే సర్వరు మీద చదరపు బ్రాకెట్లున్న మారుపేరూ మీసాల బ్రాకెట్లున్న మారుపేరూ ఒక్కరివే. కొన్ని సర్వర్లు సాధారణ ఆస్కీ పద్ధతినే పాటిస్తాయి. ఏది పాటిస్తున్నదీ అనుసంధానం మొదట్లో వచ్చే 005 సంఖ్య పంక్తిలో సర్వరే చెబుతుంది, స్క్రిప్టులే చాలావరకు దాన్ని చదవవు.

నియమావళి మూలరూపం పెద్దగా మారలేదన్న మాట నిజమే అయినా, ఐఆర్‌సీవీ3 పేరిట వచ్చిన విస్తరణలు పంక్తి స్వరూపాన్ని అంచుల్లో మార్చాయి. క్లయింటు కోరుకుంటే సర్వరు ప్రతి పంక్తి ముందూ ఎట్ గుర్తుతో మొదలయ్యే ట్యాగులను, అంటే సమయం, ఖాతా వంటి అదనపు వివరాలను చేరుస్తుంది. ముడి పంక్తిని ఖాళీల వద్ద తెగ్గొట్టి మొదటి ముక్క పంపినవారిది, రెండోది ఆజ్ఞ అని లెక్కపెట్టుకున్న పాత స్క్రిప్టులకు అన్ని ముక్కలూ ఒక స్థానం జరిగిపోతాయి. సభ్యుల జాబితాలో ఒక్కొక్కరి పేరు ముందు హోదా గుర్తు ఒక్కటే ఉంటుందని నమ్మిన స్క్రిప్టు, బహుళ గుర్తుల విస్తరణ అమలైన చోట ఒక గుర్తును తొలగించి మిగిలినదాన్ని పేరులో భాగమనుకుంటుంది. పంపిన సందేశాన్ని పంపినవారికే తిరిగి వినిపించే ఎకో మెసేజ్ విస్తరణ వల్ల తన మాటకు తానే జవాబిచ్చే స్క్రిప్టులు తయారవుతాయి. క్లయింటును కొత్త సంచికకు మార్చిన మరునాడే స్క్రిప్టు చెడిందంటే, అది ఏ విస్తరణలను కొత్తగా కోరుతున్నదో చూడటం సగం పని. ముడి పంక్తిని సొంతంగా విడదీయడం మాని, క్లయింటు విడదీసి ఇచ్చిన భాగాలనే వాడుకోవడం మిగిలిన సగం.

తెలుగులో సంభాషించేవారి స్క్రిప్టులకు వీటికి తోడు మరికొన్ని చిక్కులున్నాయి. ఆంగ్లంలో రాసిన మార్గదర్శకాలు వాటిని పట్టించుకోవు గనుక ఇక్కడ కొంత విస్తరించడం అవసరం. మొదటిది పొడవు. ఐఆర్‌సీ పంక్తి పొడవు, చివరి రెండు ముగింపు సంకేతాలతో కలిపి, 512 బైట్లకు మించరాదు. ఇతరులకు చేరేటప్పుడు ఆ పంక్తి ముందు పంపినవారి మారుపేరు, యూజరు పేరు, హోస్టు, ఆజ్ఞ, చానెల్ పేరు కూడా ఈ లెక్కలోనే ఇమడాలి కాబట్టి పాఠానికి మిగిలేది నాలుగు వందల పైచిలుకు బైట్లు. ఆంగ్లాక్షరం ఒక బైటు పట్టే చోట యూటీఎఫ్-8 సంకేతావళిలో తెలుగు సంకేతం మూడు బైట్లు పడుతుంది. పైగా తెలుగు రాతలో కంటికి ఒక అక్షరంగా కనిపించేది అనేక సంకేతాల కూర్పు. ‘స్త్రీ’ అన్న మాటలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘం కలిసి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ఈ లెక్కన పదిహేను ఇరవై తెలుగు మాటలు దాటిన సందేశం తెగిపోయే ప్రమాదంలో పడుతుంది. సర్వరు తెగ్గొట్టేది బైటు లెక్కన కాబట్టి కత్తెర ఒక సంకేతం మధ్యలో పడవచ్చు, అప్పుడు చివరి అక్షరం చెడిన గుర్తుగా మారుతుంది. వీచాట్‌లో దీని పర్యవసానం విచిత్రంగా ఉంటుంది: ముడి పంక్తిని అందుకొనే హుక్‌లకు పైథాన్ 3లో పాఠం మామూలుగా స్ట్రింగు రకంగా అందుతుంది, యూటీఎఫ్-8గా చెల్లని బైట్లు అందులో ఉంటే మాత్రం బైట్ల రకంగా అందుతుంది, దాన్ని ఊహించని స్క్రిప్టు ఆ ఒక్క పంక్తి దగ్గర రకం పొసగని దోషంతో ఆగిపోతుంది. నెలకు ఒకసారి, అదీ పొడుగు తెలుగు సందేశం వచ్చినప్పుడు మాత్రమే కనిపించే దోషానికి మూలం ఇంత దూరంలో ఉంటుంది. సందేశాన్ని పంపే వైపు బైట్లు లెక్కగట్టి, వీలైతే మాటల మధ్య ఖాళీ దగ్గర తెగ్గొట్టడమే సరైన పరిష్కారం.

రెండోది మాట సరిహద్దు. నమూనాలతో పాఠాన్ని వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే పద్ధతిలో ‘మాట సరిహద్దు’ను సూచించే గుర్తు ఒకటుంది. పైథాన్ భాషతో వచ్చే మూల గ్రంథాలయం హల్లులనూ అచ్చులనూ మాటలో భాగంగా ఒప్పుకుంటుంది గాని గుణింతపు గుర్తులనూ పొల్లునూ ఒప్పుకోదు. ఫలితంగా ‘తెలుగు’ అన్న మాటకు రెండువైపులా సరిహద్దు గుర్తులు పెట్టి వెతికితే, ఆ మాట విడిగా, తరువాత ఖాళీతో వచ్చిన చోట దొరకదు, ఎందుకంటే చివరి ఉకారపు గుర్తూ దాని తరువాతి ఖాళీ రెండూ ఆ గ్రంథాలయం దృష్టిలో మాటకు వెలుపలివే, వాటి మధ్య సరిహద్దు లేదు. ‘తెలుగువారు’ అన్న చోట మాత్రం ఉకారపు గుర్తు వెంటనే వకారం వస్తుంది గనుక అక్కడ లేని సరిహద్దు పుడుతుంది, మాట దొరుకుతుంది. కావలసిన చోట మౌనం, అక్కరలేని చోట స్పందన. పెర్ల్ భాషలో పాఠాన్ని సరిగా డీకోడ్ చేసి ఇస్తే ఈ ఇబ్బంది లేదు. డీకోడ్ చేయకుండా బైట్లుగానే వదిలేస్తే అక్కడా ఉంటుంది. సరిహద్దు గుర్తును నమ్ముకోకుండా ఖాళీలు, విరామ చిహ్నాల వద్ద విడదీసి పోల్చడం ఎక్కువ భాషల్లో పనిచేసే దారి.

మూడోది కంటికి ఒకేలా కనిపించే రెండు రాతలు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో టకారపు పొల్లు తరువాత వకారం ఒత్తుగా మారకుండా ఆపడానికి శూన్య వెడల్పు గల విభాజకాన్ని పెడతారు. కొన్ని కీబోర్డు పద్ధతులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు, కొందరు వాడుకరులు దాని ఉనికే ఎరుగరు. ఐత్వం గుర్తునూ యూనికోడ్ ఒక సంకేతంగానూ, ఎత్వం, దాని కింది ఐ గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయనిస్తుంది, రెంటినీ సమానమనే ప్రకటిస్తుంది, కాని సాధారణ పోలిక వాటిని వేరువేరుగానే చూస్తుంది. పోల్చేముందు రెండు వైపులనూ యూనికోడ్ సామాన్యీకరణకు గురిచేసి, శూన్య వెడల్పు సంకేతాలను తీసివేస్తే ఈ బాధ తప్పుతుంది. పాత యంత్రాల్లో ఇంకా మొరటు కారణాలుండేవి: 2010లో వచ్చిన ఏడో సంచికకు ముందు ఎంఐఆర్‌సీకి యూనికోడ్ ఆదరణ అరకొరగానే ఉండేది, స్క్రిప్టు ఫైలును నోట్‌ప్యాడ్‌లో ఆన్సి పద్ధతిలో భద్రపరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలయ్యేది.

కాలానికి సంబంధించిన దోషాలు మళ్లీ మళ్లీ పుట్టించడం కష్టం గనుక వాటిని వెతకడం ఇంకా కష్టం. సర్వరు 001 సంఖ్యతో స్వాగతం పలకగానే చానెళ్లలో చేరమని రాసిన స్క్రిప్టు, నమోదైన వాడుకరులకే ప్రవేశమున్న చానెల్ దగ్గర కొన్ని రోజులు లోపలికి వెళ్తుంది, కొన్ని రోజులు తిరస్కారం పొందుతుంది. నిక్‌సర్వ్ సేవ గుర్తింపును ధ్రువీకరించే లోగా చేరే ఆజ్ఞ సర్వరును చేరిందా లేదా అన్నదే ఇక్కడి తేడా. టైమరుతో ఐదు సెకన్లు ఆగమనడం ప్రచారంలో ఉన్న చిట్కా, కాని అది పరుగు పందెం దూరాన్ని పెంచుతుందే తప్ప పందాన్ని రద్దు చేయదు. అనుసంధాన సమయంలోనే గుర్తింపు పూర్తయ్యే సాస్‌ల్ పద్ధతి దాన్ని రద్దు చేస్తుంది. స్వాగత ప్రకటన ముగిసిందని చెప్పే 376 సంఖ్య కోసం కాచుకొనే స్క్రిప్టులు, అసలు ప్రకటనే లేని సర్వరు 422 పంపినప్పుడు శాశ్వతంగా ఎదురుచూస్తుంటాయి. 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్కు సిబ్బంది తప్పుకొని లిబెరా చాట్‌ను స్థాపించినప్పుడు ఎన్నో సముదాయాలు తరలిపోయాయి. సర్వరు పేరును, సేవల హోస్టు పేరును కోడులోనే గుచ్చి రాసుకున్న స్క్రిప్టులు అప్పుడు ఒక్కసారిగా మూగబోయాయి.

క్లయింటు గడ్డకట్టుకుపోయే దోషం కూడా కాలానికి సంబంధించినదే. స్క్రిప్టు ఒక వెబ్ చిరునామా తెరిచి దాని శీర్షిక తెచ్చేదాకా నిరీక్షిస్తే, వీచాట్, ఇర్సి వంటి క్లయింట్లలో అంతసేపూ తెర కదలదు, టైపు చేసినది కనిపించదు, సర్వరు పింగ్‌కు జవాబు పోదు. నిరీక్షణ మరీ సాగితే సర్వరు అనుసంధానాన్నే తెంచేస్తుంది. వాడుకరి దాన్ని నెట్ సమస్యగా భావించడం సహజం. ఇలాంటి పనిని వేరే ప్రక్రియకు అప్పగించి ఫలితం వచ్చాక పిలిపించుకోవడానికి వీచాట్‌లో ప్రాసెస్ హుక్ ఉంది.

వలయాల గురించి నియమావళే మొదట హెచ్చరించింది. నోటీస్ అనే ఆజ్ఞతో వచ్చిన సందేశానికి స్వయంచాలక జవాబు ఎన్నడూ ఇవ్వరాదని ఆర్‌ఎఫ్‌సీ 1459 విధించింది, యంత్రాలు ఒకదానికొకటి జవాబులిచ్చుకుంటూ పోకుండా ఉండటానికే ఆ నియమం. స్వయంచాలక జవాబులను నోటీస్‌గానే పంపే మర్యాదను పాటించని రెండు స్క్రిప్టులు ఒకే చానెల్లో పడితే క్షణాల్లో వరద మొదలవుతుంది. ఆ పత్రమే ప్రవాహ నియంత్రణనూ వివరించింది: ప్రతి సందేశానికి రెండు సెకన్ల చొప్పున ఖాతాలో రాసుకొని, ఆ ఖాతా అసలు సమయం కన్నా పది సెకన్లు ముందుకు పోయేదాకా సర్వరు సందేశాలను వెంటనే తీసుకుంటుంది, ఆ తరువాత ఆపి ఆపి తీసుకుంటుంది, పేరుకుపోయిన వరుస హద్దు దాటితే అధిక ప్రవాహం అన్న కారణంతో బయటికి గెంటుతుంది. సహాయ పాఠాన్ని ఇరవై పంక్తుల్లో ఒకేసారి పంపే స్క్రిప్టు చానెల్ నుంచి మాయమవడానికి ఇదే వివరణ. హెక్స్‌చాట్‌లో వలయం క్లయింటు లోపలే పుట్టగలదు: సందేశాన్ని అందంగా మార్చి అదే సంఘటన పేరుతో మళ్లీ ప్రకటిస్తే ఆ ప్రకటన అదే కాల్‌బ్యాక్‌ను మళ్లీ పిలుస్తుంది, దాన్ని ఆపడానికి స్క్రిప్టులో ఒక జెండా పెట్టుకోక తప్పదు. ఇక జెడ్‌ఎన్‌సీ వంటి బౌన్సరు, అంటే వాడుకరి లేనప్పుడు కూడా అనుసంధానాన్ని నిలిపి ఉంచే మధ్యవర్తి, తిరిగి వచ్చినవారికి పాత సందేశాలను వినిపిస్తుంది; రాత్రి అడిగిన ప్రశ్నలన్నిటికీ పొద్దున్నే వరుసగా జవాబులిచ్చే స్క్రిప్టు సమయపు ట్యాగును చూడటం లేదని అర్థం.

ఒక రకం దోషం మాత్రం ఫిర్యాదుగా రాదు, ఎందుకంటే స్క్రిప్టు బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. బయటివారి పాఠాన్ని కోడుగా నడిపించే దోషం అది. ఎంఐఆర్‌సీలో టైమరుకు ఇచ్చిన ఆజ్ఞ, టైమరు పెట్టినప్పుడు ఒకసారీ మోగినప్పుడు మరొకసారీ విలువ కట్టబడుతుంది. అపరిచితుడి సందేశాన్ని నేరుగా టైమరులో పెడితే, డాలరు గుర్తుతో మొదలయ్యే అతడి మాటలు రెండోసారి ఆజ్ఞలుగా ప్రాణం పోసుకుంటాయి. ఎగ్‌డ్రాప్ అనే బాట్‌కు టీసీఎల్ భాషలో రాసే స్క్రిప్టులదీ ఇదే కథ: టీసీఎల్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్నది ఆజ్ఞ, ఐఆర్‌సీలో చదరపు బ్రాకెట్లు మారుపేరులో చెల్లుబాటయ్యే అక్షరాలు. పాఠాన్ని ముందుగా విడదీసి జాబితాగా మార్చకుండా జాబితా ఆజ్ఞలకు ఇచ్చే అలవాటు మొదట ఫలానా మారుపేరు దగ్గర మాత్రమే వచ్చే వింత దోషంగా తలెత్తుతుంది, తరువాత ప్రమాదంగా పరిణమిస్తుంది. 1997లో ఎంఐఆర్‌సీ వాడుకరుల మధ్య స్క్రిప్ట్.ఐఎన్‌ఐ అనే ఫైలు రూపంలో ఒక పురుగు పాకింది. అందుకున్నవారి క్లయింటు దాన్ని సొంత స్క్రిప్టుగా ఎక్కించుకొని చానెల్లోని ఇతరులకు పంపేది. 2000 మేలో ప్రపంచాన్ని కుదిపిన లవ్‌లెటర్ పురుగు ఈమెయిలుతో పాటు ఆ దారినీ వాడుకుంది. కనుక ఎక్కి ఉన్న స్క్రిప్టుల జాబితాలో వాడుకరి గుర్తుపట్టని పేరు కనబడితే, అక్కడ దోషాన్వేషణ ఆపి భద్రత సంగతి చూడాలి.

పద్ధతి విషయానికి వస్తే, అన్ని స్క్రిప్టులనూ దించి ఒక్కొక్కటే ఎక్కిస్తూ పోవడం పాతదే అయినా నమ్మదగినది, ఎందుకంటే ముందు నడిచిన స్క్రిప్టు సంఘటనను మింగేస్తే వెనుకదానికి అది అందదు, ఆ సంగతి వెనుకదాని కోడులో ఎంత వెతికినా కనిపించదు. హెక్స్‌చాట్‌లో కాల్‌బ్యాక్ తిరిగి ఇచ్చే విలువ సంఘటనను ఇతర స్క్రిప్టులకు దక్కకుండా చేయాలా, క్లయింటుకు దక్కకుండా చేయాలా, రెంటికీనా అన్నది నిర్ణయిస్తుంది. వీచాట్‌లో ముడి పంక్తిని సవరించే హుక్ ఖాళీ స్ట్రింగును తిరిగి ఇస్తే ఆ సందేశమే అదృశ్యమవుతుంది. కాల్‌బ్యాక్ మొదటి పంక్తిలోనే అందిన విలువలను, కనిపించని అక్షరాలను సంఖ్యలుగా మార్చి, ఒక ఫైల్లోకి రాయించడం మరో నమ్మదగిన పద్ధతి. అదే సమాచారాన్ని తెరమీద ముద్రిస్తే, ముద్రణకు కూడా హుక్ ఉన్న స్క్రిప్టులు దాన్ని చూసి కొత్త గందరగోళం సృష్టించవచ్చు. జనసమ్మర్దం గల చానెల్లో పరీక్షించడం ఇతరులకు ఇబ్బంది, స్క్రిప్టుకు నిషేధం తెచ్చే పని. ఎన్‌జీఐఆర్‌సీడీ, ఎర్గో వంటి చిన్న సర్వర్లను సొంత యంత్రం మీదే నడుపుకోవచ్చు. నియమావళి సాదా పాఠమే కాబట్టి నెట్‌క్యాట్ అనే సాధనంతో మనిషే సర్వరు పాత్ర వహించి, తెగిన తెలుగు పంక్తినో, రెండు హోదా గుర్తులున్న పేరునో, బ్రాకెట్ల మారుపేరునో చేత్తో టైపు చేసి స్క్రిప్టుకు పంపి చూడవచ్చు. నెలకొకసారి కనిపించే దోషాన్ని నిమిషంలో రప్పించే మార్గం అది.

హెక్స్‌చాట్ రచయితలు 2024 ఫిబ్రవరిలో చివరి సంచికను విడుదల చేసి అభివృద్ధిని ఆపేశారు. దాని కోసం రాసిన పైథాన్ స్క్రిప్టులు ఇంకా వాడుకలో ఉన్నాయి, పైథాన్ మాత్రం ఏటా మారుతూనే ఉంటుంది. ఇకమీదట ఆ క్లయింటులో లోపం బయటపడితే దాన్ని సరిచేయవలసిన భారం పంపిణీదారుల సవరణల మీదా, క్లయింటు తప్పును తప్పించుకుంటూ తన కోడును వంచుకోవలసిన స్క్రిప్టు రచయిత మీదా పడుతుంది. అలా వంచిన చోటల్లా కారణం ఒక వ్యాఖ్యలో రాసిపెట్టకపోతే, ఆ స్క్రిప్టును వీచాట్‌కో మరో క్లయింటుకో మార్చబోయే తరువాతివారు ఆ వంపును అనవసరమనుకొని తీసివేయడమో, అవసరం లేని చోటికి మోసుకుపోవడమో జరుగుతుంది.